ఆస్ట్రియా కంపోజర్ హైడన్‌ని "సింఫనీకి తండ్రి" అంటారు కదా, మరి ఆయనకి ముందు సింఫనీలు లేవా?

ఉన్నాయండి, బోలెడున్నాయి. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా, అంటే వాయిద్య బృందం, వాయించడానికి కొన్ని భాగాలుగా రాసే సంగీతం. మిలాన్‌లో సమ్మార్తీని అనే కంపోజర్ 1730ల్లోనే రాస్తున్నాడు, హైడన్ పుట్టిందే 1732లో. హైడన్ అంటే నాకు ప్రాణం, కానీ ఆ తండ్రి బిరుదు మాత్రం అస్సలు నచ్చదు. నన్నడిగితే సింఫనీని పెంచి పెద్దచేసింది ఏ ఒక్క కంపోజరూ కాదు, జీతానికి కుదిరి ఏళ్ళ తరబడి ఒకే చోట కలిసి వాయించిన ఆర్కెస్ట్రా వాళ్ళు. అందులోనూ జర్మనీలో మాన్‌హైమ్ వాళ్ళు.

నేనుండేది ఆ ఊరి దగ్గరే. చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా, ఇక్కడికొచ్చాక పట్టుకునే పద్ధతి మార్చుకుని ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్‌లో చేరా, చివరి వరసలో. పోయిన చలికాలం మాన్‌హైమ్ ఆర్కెస్ట్రా కంపోజర్ యోహాన్ ష్టామిట్స్ డి మేజర్ సింఫనీ ఒకటి ఎత్తుకున్నాం. కాయితం మీద చూస్తే మా పార్ట్‌లో ఏమీ లేనట్టే ఉంటుంది, ఒకే స్వరాన్ని గబగబా లాగుతూ ఉండటం, కాసేపటికి ఒక మెట్టు పైకెళ్ళి మళ్ళీ అదే. కింద చెల్లోలు, బేస్‌లు (వయొలిన్ లాంటివే, బాగా పెద్దవి) ఒకే స్వరం మీద కూర్చుని కదలవు. మొదలుపెట్టిన కాసేపటికే మా కండక్టర్ ఆపేశారు. అప్పుడే అందరూ ఇంత గట్టిగా వాయిస్తే ఇంక పెరగడానికి ఏం మిగిలింది అన్నారావిడ. బో (కమాను) కొసన వేలెడంత మాత్రమే వాడండి, పక్కవాళ్ళ శబ్దం మీకు వినపడట్లేదంటే మీరు ఎక్కువ వాయిస్తున్నట్టే అన్నారు. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపడం, టీ బ్రేక్ కూడా పోయింది. ఆ తర్వాత ఒకసారి కుదిరిందండీ. మొదట్లో ఎవరూ వాయించట్లేదేమో అన్నంత సన్నగా ఉంది, తర్వాత చెల్లోల అదురు నేల మీంచి కాళ్ళకి తెలిసింది, అందరి బోలూ ఒకే కొలతలో బారుగా అవుతూ వచ్చాయి, ఊదే హార్న్‌లు కలిశాయి, పాలు పొంగినట్టు మొత్తం పైకి లేచింది. నాకు ఒళ్ళు జలదరించింది. మన కచేరీలో అయితే గమకం నాది, మనోధర్మం నాది, ఇక్కడ నా ఒక్కడి శబ్దం విడిగా వినపడకూడదు, అందులో ఇంత బలం ఉంటుందని వాయిస్తే తప్ప తెలీదు.

శబ్దాన్ని ఇలా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమే క్రెషెండో, దీన్నే మాన్‌హైమ్ క్రెషెండో అంటారు. ఆలోచన ఇటలీ ఒపెరాల్లోంచి వచ్చిందే, కాదనను, కానీ దానికి పేరు తెచ్చింది ఈ ఊరే, ఎందుకంటే ఇక్కడి రాజు కార్ల్ టెయోడోర్ సంగీతానికి డబ్బు ధారపోశాడు, 1740ల్లో వచ్చిన ష్టామిట్స్ స్వయంగా గొప్ప వయొలినిస్ట్, ఆర్కెస్ట్రాని తన వయొలిన్‌తోనే నడిపించాడు. అంతకుముందు హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాయిద్యం) వాయించేవాడు అడుగున స్వరాలు నింపుతూ ఉంటే తప్ప పని జరిగేది కాదు, నెమ్మదిగా ఆ నింపే పని ఊదే వాయిద్యాలైన హార్న్‌లకీ ఓబోలకీ వెళ్ళిపోయింది. మూడు భాగాల సింఫనీలో మెనువెట్ అనే నాట్యపు భాగం ఒకటి చేర్చి నాలుగు చేయడం కూడా ష్టామిట్స్ బాగా అలవాటు చేశాడు. 1772లో ఇంగ్లండ్ నుంచి సంగీత చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ వచ్చి విని ఇది జనరల్స్‌తో నిండిన సైన్యం అని రాశాడు. 1777లో మొజార్ట్ వచ్చి ఒక్కో పక్కన 10, 11 వయొలిన్లు ఉన్నాయని నాన్నకి ఉత్తరం రాశాడు, మరుసటి ఏడాది ఇంకో ఉత్తరంలో ఇక్కడిలా మనకీ క్లారినెట్లు (ఇవీ ఊదేవే) ఉంటే ఎంత బాగుండేదో అని వాపోయాడు. ఆ రాజు ఉన్న కోటలో ఇప్పుడు యూనివర్సిటీ నడుస్తోంది, దాని ముందునుంచి రోజూ వందల మంది వెళ్తారు, అక్కడ ఏం జరిగిందో చెప్పినా ఎవరికీ పట్టదు, అది నాకు నిజంగా బాధ.

హైడన్ సంగతికొస్తే, ఆయన గొప్పతనం కూడా నా మాటనే బలపరుస్తుంది. 1761లో ఎస్టర్‌హాజీ అనే జమీందారుల దగ్గర కుదిరాక చిన్నదైనా సొంత ఆర్కెస్ట్రా చేతికొచ్చింది, రాసింది వెంటనే వాయించి చూసి బాగాలేనిది తీసేసి మళ్ళీ రాసుకునేవాడు, ప్రపంచానికి దూరంగా ఉండటం వల్లే తనకి సొంత దారి దొరికిందని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. ఆ కొద్దిమంది వాయిద్యగాళ్ళు లేకపోతే అన్ని సింఫనీలు వచ్చేవా? ఆయన మొదటి సింఫనీ పెట్టి వినండి, మొదలవ్వడమే క్రెషెండోతో మొదలవుతుంది.

మ్యూజిక్ యాప్‌లో ష్టామిట్స్ అని వెతికేటప్పుడు మాత్రం చూసుకోండి, తండ్రి యోహాన్‌నీ కొడుకు కార్ల్‌నీ కలిపేస్తారు. యోహాన్ 1757లోనే పోయాడు. వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) ముందుండి వాయించే కాన్సర్టో వస్తోందంటే అది చాలామటుకు కొడుకుదే, మీక్కావాల్సింది యోహాన్ సింఫనీలు.