రెండో సాలు, నాలుగో సాలే ఎందుకు మొలవలేదు?

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా సార్. నాలుగెకరాల ఎర్ర నేలలో కిరాయి ట్రాక్టర్ ప్లాంటర్‌తో (విత్తనం వేసే యంత్రం, ఐదు సాళ్లది, సాలుకు సాలుకు 60 సెం.మీ.) మక్కజొన్న వేయించి 12 రోజులైంది. మూడు సాళ్లు బాగానే ఉన్నాయి, రెండో సాలు, నాలుగో సాలు మాత్రం బాగా పలుచగా మొలిచాయి. ఉన్నవి కూడా ఒకటి నాలుగాకుల మీద ఉంటే పక్కది ఇప్పుడే మొలుస్తోంది. తవ్వి చూస్తే కొన్ని గింజలు ఉబ్బి కుళ్లి ఉన్నాయి. డీఏపీ, యూరియా కలిపి ప్లాంటర్ డబ్బాలోనే పోశాం. అట్రజిన్ కలుపు మందు కొట్టాం. నాకు విత్తనం నకిలీదని అనుమానం. షాపాయన మాత్రం భూమిలో కుళ్లు తెగులుందని, హ్యూమిక్ యాసిడ్, ఒక తెగులు మందు కలిపి మొదళ్లలో పోయమంటున్నాడు. ఏం చేయమంటారు? ఖాళీల్లో మళ్లీ గింజలు పెట్టాలా?

జవాబు: మీ అనుమానమూ తప్పే, షాపాయన చెప్పిందీ తప్పే. విత్తనం నకిలీదైతే ఐదు సాళ్లలోనూ ఒకేలా మొలవకుండా పోవాలి, ఒకే సంచి గింజ ఐదు డబ్బాల్లోనూ పోశారు కదా. భూమిలో తెగులుంటే నీళ్లు నిలిచిన చోట, పల్లంలో మడుగు మడుగుగా పోతుంది, సాలు లెక్క చూసుకుని రాదు. వరస తప్పకుండా రెండోది, నాలుగోది మాత్రమే పలుచబడితే అది యంత్రం పని. 60 సెం.మీ. దూరంలో ఐదు సాళ్ల ప్లాంటర్ కట్టినప్పుడు ఈ రెండు సాళ్లూ సరిగ్గా ట్రాక్టర్ వెనక టైర్ల జాడలో పడతాయి. టైరు తొక్కిన నేలలో నాగలి మొన దిగదు. గింజ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల లోతులో పడి పైన ఎండుతుంది, కొన్నిటిని పిట్టలు ఏరుకుపోతాయి.

నమ్మకం లేకపోతే ఇప్పుడే చేలోకి వెళ్లి మంచి సాలులో ఐదు, పలుచటి సాలులో ఐదు మొక్కలు గింజతో సహా జాగ్రత్తగా పెకలించండి. గింజ దగ్గర్నుంచి ఆకుపచ్చ మొదలయ్యే చోటు దాకా ఉన్న తెల్లటి కాడను స్కేలుతో కొలవండి, గింజ ఎంత లోతున పడిందో అదే చెబుతుంది. మొక్కజొన్నకు 4 నుంచి 5 సెం.మీ. కావాలి. ఒక చోట 2, ఇంకో చోట 7 వస్తే ఒకటి ముందు, ఒకటి నాలుగు రోజులు వెనక మొలవడంలో వింతేమీ లేదు.

ఇక ఉబ్బి కుళ్లిన గింజల సంగతి. అది ఎక్కువగా యూరియా చేసిన పనే అని నా అనుమానం. ఎరువు గింజకు 5 సెం.మీ. పక్కగా, 5 సెం.మీ. కిందుగా పడాలి. ఎరువు గొట్టం జారి రెండూ ఒకే చాలులో కలిస్తే యూరియా నుంచి వచ్చే అమ్మోనియా మొలకను మాడ్చేస్తుంది, ఆ తర్వాతే బూజు పడుతుంది. బూజు చూసి తెగులు అనుకోవడం మామూలే, కానీ అది చచ్చిన గింజ మీదకు వచ్చింది, గింజను చంపింది కాదు. డబ్బాలో డీఏపీ ఎకరాకు 50 కిలోలు పోసుకోండి చాలు, యూరియాను ప్లాంటర్ డబ్బాలో అసలు పోయకండి.

కాబట్టి ఆ మొదళ్లలో పోసే మందు వద్దు. గింజే లేని చోట హ్యూమిక్ యాసిడ్ పోస్తే మొక్క పుట్టదు. షాపాయన మీ చేలోకి వచ్చి ఒక్క గింజైనా తవ్వి చూశాడా? పొలం చూడకుండా కౌంటర్ వెనక నుంచి తెగులు పేరు చెప్పే వాళ్ల మాట మీద మందు కొనడం మానుకోండి. ప్రతి సీజన్లో మాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇలా అవసరం లేని మందు కొట్టాక వచ్చేవే.

ఇప్పుడు చేయాల్సింది. పది మీటర్ల సాలులో 20 సెం.మీ. దూరానికి 50 మొక్కలు ఉండాలి. ఐదు సాళ్లలోనూ రెండేసి చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. మంచి సాళ్లలో 45, పలుచటి వాటిలో 20 ఉన్నాయనుకుంటే సగటు 35, అంటే ఎకరాకు దాదాపు 23,600 మొక్కలు. అలా ఉంటే ఉంచేయండి, సగటు 25 కన్నా తగ్గితేనే దున్ని మళ్లీ వేయడం గురించి ఆలోచించాలి. ఖాళీల్లో మళ్లీ గింజ పెట్టడానికి సమయం దాటింది. 12 రోజులు వెనకబడిన మొక్క పక్కవాటి నీడలో గొడ్డుగా నిలబడి నీళ్లూ ఎరువూ తింటుంది తప్ప కంకి వేయదు. ఖాళీలో అలసంద, పెసర పెడదామని కూడా అనుకోకండి, మీరు అట్రజిన్ కొట్టారు, పప్పు జాతి మొక్కలు తట్టుకోవు. పైపొర గట్టిపడి ఉంటే ఒక పలుచటి తడి ఇవ్వండి, లోపల ఇంకా పోరాడుతున్న మొలకలు పైకొస్తాయి. యూరియా పై పాటు 30-35 రోజులకు ఒకసారి, 50-55 రోజులకు ఒకసారి, సాలు పక్కన వేసి మట్టి కప్పండి. మొలక తగ్గిందని మోతాదు పెంచకండి. చిన్నా పెద్దా మొక్కలు కలిసి ఉన్న చేలో కత్తెర పురుగు మీద కన్నేసి ఉంచాలి, సుడిలో పురుగు కనిపించాకే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళికలు లీటరు నీటికి 0.4 గ్రాములు కలిపి సుడిలో పడేలా కొట్టండి, ముందుజాగ్రత్త పేరుతో వద్దు.

వచ్చేసారి ప్లాంటర్ కిరాయికి తెచ్చినా, సొంతమైనా, చేలో దింపే ముందు ఒక గంట దాని మీద పెట్టండి. గింజ గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి, ఆరు నెలలు షెడ్డులో ఉన్నదాంట్లో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎరువు డబ్బాలో నిరుటి డీఏపీ గడ్డ కట్టి ఉంటుంది, గోకి తీయండి. గింజ పళ్లెంలో గుంటలు మీ గింజ సైజుకు సరిపోవాలి, ఒక్కో గుంటలో ఒక్క గింజ కాస్త వదులుగా కూర్చోవాలి. గుంట చిన్నదైతే ఖాళీలు, పెద్దదైతే రెండేసి గింజలు. అదనపు గింజను నెట్టే బ్రష్ అరిగితే మార్చండి. గొలుసు వదులైతే బిగించండి.

తర్వాత ప్లాంటర్‌ను పైకి లేపి, గొట్టాల కింద సంచులు కట్టి, నేల చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పండి. చక్రం వ్యాసం 40 సెం.మీ. అయితే పది చుట్లకు 12.6 మీటర్లు నడిచినట్టు, సాలుకు 63 గింజలు రాలాలి. ఒక గొట్టంలో 60, ఇంకోదాంట్లో 41 వస్తే ఆ పళ్లెం సంగతి అక్కడే తేల్చుకోవాలి, చేలో కాదు. చక్రం వ్యాసం మీ ప్లాంటర్‌ది ఎంతో కొలుచుకుని లెక్క మార్చుకోండి.

చేలో పెళ్లలు లేకుండా దుక్కి ఉండాలి. ఫ్రేము ముందు వెనకలు, కుడి ఎడమలు సమంగా ఉన్నాయో లేదో ఆగి దూరం నుంచి చూడండి, టాప్ లింక్ (ప్లాంటర్‌ను ట్రాక్టర్‌కు పైన కలిపే రాడ్డు) పొట్టిదైతే ముందు మొనలు లోతుకు, వెనకవి పైకి పోతాయి. టైరు జాడలో ఉండే రెండు మొనలను మిగతావాటి కన్నా 2 సెం.మీ. కిందికి దించి బిగించండి, లేదా వాటి ముందు ఒక కల్టివేటర్ కొయ్య కట్టి జాడను గుల్ల చేయించండి. మీ చేలో ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

వేగం గంటకు 3-4 కిలోమీటర్లు దాటకూడదు. పది మీటర్లు నడవడానికి 9 సెకన్ల కన్నా తక్కువ పడితే డ్రైవర్‌ను ఆపండి, ఎకరం లెక్కన కూలి తీసుకునే మనిషికి తొందర ఉంటుంది, గొడవైనా సరే. ట్రాక్టర్ నిలబడి ఉండగా ప్లాంటర్‌ను దించనివ్వకండి, మొన నోట్లో మట్టి దూరి గొట్టం మూసుకుపోతుంది, కదులుతూ దించాలి, దించి వెనక్కి అసలు పోకూడదు. మొదటి 30 మీటర్లు పోయాక ఆపించి ఐదు సాళ్లలోనూ వేలితో మట్టి తీసి గింజ లోతు, దూరం చూడండి. సరిగ్గా లేకపోతే అక్కడే సరిచేయించండి.

విత్తనం మీద ఇంకా సందేహం ఉంటే, మిగిలిన గింజల్లో వంద లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి ఐదు రోజులు ఉంచండి. హైబ్రిడ్ మొక్కజొన్నకు 90 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. అంతకు బాగా తగ్గితే సంచి, ట్యాగు, బిల్లు పట్టుకుని మీ మండల వ్యవసాయ అధికారి దగ్గరకు వెళ్లండి. 90 దాటితే ప్లాంటర్ యజమానికి ఫోన్ చేయండి, ఎరువు గొట్టం ఎక్కడ జారిందో అడగండి.