ఉదయగిరి కొండ మీది పసుపు పూల చెట్టు

ఉదయగిరి దుర్గం ఎక్కేటప్పుడు ఆకు ఒక్కటీ లేకుండా పసుపు పూలు పూసిన చెట్టు కనిపించిందని, అది రేలేనా అని అడిగారు కదా. మీరు చెప్పినదాన్ని బట్టి అది కొండగోగు. రేల పూలు చిన్నవి, గుత్తులుగా కిందికి వేలాడతాయి. కొండగోగు పువ్వు దాదాపు అరచేయంత ఉంటుంది, కొమ్మ చివర నిలబడి పూస్తుంది. రాలిన పువ్వు దొరికితే తీసి చూడండి: అయిదు రేకులు, మధ్యలో కుచ్చులాగా బోలెడు కేసరాలు. ఆకుల్లేవని చెట్టు ఎండిపోయిందని టెన్షన్ పడకండి, ఎండాకాలం ఆకు రాల్చాకే అది పూస్తుంది. తర్వాత కాయ పగిలితే లోపల పట్టులాంటి దూది. కొండగోగు జిగురు వచ్చేది కూడా దీన్నుంచే. దానికోసం బెరడు మాత్రం గీకకండి, ప్లీజ్. వెలికొండల్లో భైరవకోన వైపు వెళితే అక్కడా వెతకండి. ఎండెక్కకముందే దిగిపోవాలి, నీళ్లు ఎక్కువే పట్టుకెళ్లండి.