బడి ముందు పిల్లలను రోడ్డు దాటించే ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

కర్నూలులో మీ పిల్లల బడి ముందు రోడ్డు దాటించే మనుషులను పెట్టాలంటే ఎవరిని అడగాలి అన్నారు. ఎవరినీ అడగకుండా మొదలుపెట్టి చీవాట్లు తిన్నవాణ్ణి నేను.

31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు మనవరాలిని బడికి తీసుకెళ్లి తీసుకురావడమే నా డ్యూటీ. బడి నంద్యాల రోడ్డు మీద ఉంది. ఒక సాయంత్రం గేటు ఎదుట షేర్ ఆటో ఆగి ఉంది. రెండో తరగతి పిల్లవాడు దాని ముందు నుంచి పరుగు తీశాడు. ఆటో చాటున ఉన్నవాడు లారీకి కనపడడు, వాడికి లారీ కనపడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోపే ఆ 11 మీటర్లూ అయిపోతాయి. ఆ లారీలో బేతంచర్ల నాపరాళ్లు. బ్రేకు వేయగానే బండలు ఒకదాని మీద ఒకటి జరిగిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. పిల్లవాడి నీళ్ల సీసా చక్రం కింద నలిగింది. వాడు సీసా కోసం ఏడ్చాడు. డ్రైవరు దిగి రోడ్డు పక్కన కూలబడి, వణికే చేతులతో నన్ను నీళ్లు అడిగాడు.

మర్నాడు ఇంట్లోని ఎర్ర బకెట్ మూత మీద తెల్ల రంగుతో ‘ఆగండి’ అని రాసి, బూజుకర్రకు కట్టి నిలబడ్డాను. మూడో రోజు ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, ‘పెద్దాయనా, బండ్లు ఆపే అధికారం మీకెవరిచ్చారు?’ అన్నాడు. నిజమే. బ్రిటన్‌లో ఈ పనికి 1953లోనే చట్టం చేశారు. అక్కడ పలక చూపిస్తే బండి ఆపి తీరాలి. నా మూతకు ఆ బలం లేదు. అందుకని ప్రధానోపాధ్యాయుడి చేత ట్రాఫిక్ పోలీసులకు ఉత్తరం రాయించాం. బడి పెట్టే వేళ, వదిలే వేళ ఒక హోంగార్డు వచ్చాడు. బండ్లు ఆపేది ఆయన, పిల్లలను పట్టేది మేము.

ఇద్దరు కావాలి, రోడ్డుకు అటొకరు, ఇటొకరు. ఆగి ఉన్న ఆటోలకు దూరంగా, పదీ పదిహేను మందిని పోగుచేసి ఒకేసారి దాటించండి. రెండు వైపులా బండ్లు ఆగాకే పిల్లల కాలు రోడ్డు మీద పడాలి.

అసలు తంటా లారీలతో కాదు. లారీవాళ్లు ఆగుతారు, రాసిస్తాను. ఆగనిది మన తల్లిదండ్రులే. గేటుకు అడ్డంగా స్కూటరు పెట్టి ఫోను మాట్లాడతారు. తొమ్మిదో తరగతి కుర్రాడికి బండి ఇచ్చిన ఒక తండ్రిని అడిగితే, ‘మావాడు బాగా నడుపుతాడండీ’ అన్నాడు మురిసిపోతూ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఆ మురిపానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు అని చెబితే నన్నే తిట్టి పోయాడు.

మనుషులను మాత్రం లెక్కకు మించి రాసుకోండి. మేము తొమ్మిది మందితో మొదలుపెట్టాం. మార్చిలో ఒంటిపూట బడులు వచ్చి, మిట్టమధ్యాహ్నం కర్నూలు ఎండలో నిలబడాల్సి వచ్చేసరికి ముగ్గురం మిగిలాం. అందులో ఒకాయన గొడుగు తెచ్చుకుంటాడు, రెండు చేతులూ దానికే సరిపోతాయి.