ఇచ్చేస్తే వదిలేసినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. 2017లో దిక్కులేని కుక్కల్ని చేరదీసే ఒక రెస్క్యూ సంస్థ నుంచి పింకీ అనే కుక్కను తెచ్చుకున్నాం. చైనీస్ క్రెస్టెడ్ జాతి. తల మీద, తోక మీద, పాదాల దగ్గర తప్ప ఒంటిమీద బొచ్చు ఉండదు. అప్పటికి దానికి ఏడేళ్ళు. పెంచుకున్న పెద్దావిడ వృద్ధుల హోమ్‌కి వెళ్ళిపోతూ, తాను అల్లిన ఊదారంగు స్వెటర్‌తో, చేత్తో రాసిన ఒక కాగితంతో సహా అప్పగించిందట. 2021లో రెస్క్యూ నుంచే కోకో వచ్చింది. అదీ అదే జాతి. నాలుగేళ్ళు, కుక్కపిల్లల్ని అమ్ముకునే బ్రీడర్ బోనులో ఈతల మీద ఈతలు ఈని వచ్చిన ప్రాణి.

పింకీకి కిడ్నీలు పాడయ్యాయి. ఐదు నెలలు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించాను. జనవరిలో, బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్‌కి ఒప్పుకుని సంతకం పెట్టాను. చివరిదాకా దాని వీపు మీద చెయ్యి తీయలేదు. బొచ్చు లేదు కదా, చల్లబడడం వేళ్ళకే తెలిసింది. ఇప్పటికీ చెయ్యి చల్లబడ్డట్టు అనిపించి అర్ధరాత్రి లేస్తాను. నేనే చంపానా?

మార్చిలో మాతోనే ఉంటున్న మా అత్తగారు బాత్‌రూమ్‌లో పడి తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. వాకర్‌తో నడుస్తున్నారు. పింకీ పోయినప్పటి నుంచి కోకో ఇంట్లోనే తడిపేస్తోంది, మనుషుల కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఒకసారి వాకర్‌కి అడ్డం పడి ఆవిడ తూలారు. ఆవిడ దాన్ని ‘గజ్జికుక్క’ అంటారు. ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు మా వారు. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తీసుకుంటానన్నాడు కూడా. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి మాకు రెండు రోజులు కరెంటు లేనప్పుడు పింకీని తన జాకెట్ లోపల పెట్టుకుని పడుకున్న మనిషే మా వారు. పదమూడేళ్ళ మా అబ్బాయి నాతో మాట్లాడడం మానేశాడు. స్వర్గం ఇస్తామన్నా ధర్మరాజు కుక్కను వదల్లేదు. నేను ఒక వాకర్ కోసం వదిలేస్తానా? మళ్ళీ నేనే రాత్రిళ్ళు కూర్చుని పింకీలాంటి ఇంకో కుక్క కోసం ఫోన్లో వెతుకుతుంటాను. నాకేమైనా పిచ్చా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు మీ చేతి సంగతి చూద్దామమ్మా. మామూలు కుక్కను నిమిరితే మన చెయ్యి బొచ్చు దగ్గరే ఆగిపోతుంది. పింకీ దగ్గర ఎనిమిదేళ్ళు చర్మానికి చర్మమే తగిలింది. ఈ జాతి ఒళ్ళు మిగతా కుక్కలకన్నా వేడి అనుకుంటారు చాలామంది. నిజానికి ఏ కుక్కకైనా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటే. అడ్డం బొచ్చు లేదు కాబట్టి ఆ వేడి నేరుగా మనకు తగులుతుంది. రెండేళ్ళ కిందట న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు పక్కింటావిడ ఇలాంటి కుక్కనే తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. వేడినీళ్ళ సంచి పెట్టుకున్నట్టే ఉంది. నా మోకాళ్ళకు బాగానే ఉంది కూడా. అలాంటి వెచ్చదనం మరిగిన చెయ్యి మీది. నాలుగు నెలలకే మర్చిపొమ్మంటే మర్చిపోతుందా? పిచ్చేమీ కాదు. కాకపోతే నిద్ర ఇలాగే కరువైతే డాక్టర్‌తో చెప్పండి. కార్నెల్, టఫ్ట్స్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలు పెంపుడు జంతువులు పోయినవాళ్ళ కోసమే ఫోన్ లైన్లు నడుపుతాయి. ఇంగ్లిష్‌లోనైనా సరే, ఒకసారి ఎవరితోనైనా పైకి చెప్పుకుని ఏడవండి.

ఇక ఆ సంతకం. కుక్కకు ఇంజెక్షన్ ఇప్పించి నాకు ఉత్తరం రాసేవాళ్ళు రెండే రకాలు. తొందరపడ్డానేమో అని కొందరు, ఆలస్యం చేసి బాధపెట్టానేమో అని కొందరు. సరిగ్గా సమయానికే చేశానని ఇంతవరకు ఒక్కరూ రాయలేదు. అంటే ఆ సరైన రోజనేది ఎవరికీ దొరకదన్నమాట. ఆ మందు కూడా మత్తు మందే, మోతాదు ఎక్కువ. ముందు స్పృహ పోతుంది, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. మీ వేళ్ళకు చలువ తెలిసే వేళకు పింకీకి ఏమీ తెలియదు.

ఐదు నెలల సెలైన్ గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను అలా వదలలేను. రెండు భుజాల మధ్య చర్మం పైకి పట్టుకుని సూది గుచ్చితే, ఎక్కించిన నీరు నిమ్మకాయంత గడ్డలా పైకి లేచి కాసేపటికి ఒక పక్కకు జారి కాలి మీదికి దిగుతుంది. బొచ్చున్న కుక్కకైతే అది కనబడదు. మీకు ప్రతిసారీ కళ్ళెదుటే జరిగింది. అంతకాలం అది చూస్తూ సూది పట్టుకున్న మనిషిని హంతకురాలు అంటే నేను ఒప్పుకోను, ఆ మాట అన్నది మీరే అయినా సరే.

మీకు ఇంకో కష్టం ఉంది. పదిమందీ నవ్వే ప్రాణి కోసం ఏడవడం. ప్రపంచంలోకెల్లా వికారమైన కుక్క అని కాలిఫోర్నియాలో ఏటా పోటీ పెడతారు. 2003 నుంచి 2005 దాకా వరసగా మూడేళ్ళు గెలిచిన సామ్ ఈ జాతిదే. దాన్నీ ఎవరో వద్దనుకుంటే ఇంకొకావిడ తెచ్చి సాకుకుంది. ఫోటో చూసి లోకమంతా నవ్వింది. అది పోయిన రోజు ఆవిడ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పదిమంది గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1980లలోనే ఒక పేరు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే ఏడ్చే హక్కు ఇవ్వని దుఃఖం. మనిషి పోతే పదో రోజనీ పదకొండో రోజనీ ఉంటాయి, నలుగురూ వస్తారు. కుక్క పోతే మర్నాడు పొద్దున ఆఫీసు మీటింగు.

అత్తగారి మాటకు వద్దాం. ‘గజ్జికుక్క’ అన్నది తిట్టని మీరు బాధపడుతున్నారు. నాకు అందులో సగం భయం వినిపిస్తోంది. మన ఊళ్ళలో బొచ్చు రాలిన కుక్క అంటే గజ్జి పట్టిన కుక్కే, పిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. ఆపరేషన్ కుట్లు ఉన్న మనిషి, ఇలాంటి కుక్క తనను రాసుకుంటూ తిరిగితే అంటుకుంటుందేమో అనుకోరా? ఇది రోగం కాదని, పుట్టుకే అంత అని కూర్చోబెట్టి చెప్పండి. ఒక జన్యువులో చిన్న మార్పు వల్ల ఇలా పుడతాయని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. మెక్సికోలో, పెరూలో ఉన్న బొచ్చులేని కుక్కల్లోనూ అదే మార్పు. ఆ మార్పు వల్లే పళ్ళు కూడా తక్కువగా వస్తాయి. పళ్ళు లేనిచోట నాలుక పక్కకు వేలాడుతుంది. ఒకే ఈతలో కొన్ని పిల్లలు నున్నగా పుడితే కొన్ని ఒళ్ళంతా పట్టులాంటి బొచ్చుతో పుడతాయి. వాటిని పౌడర్‌పఫ్ అంటారు. ఒక పౌడర్‌పఫ్ ఫోటో చూపించండి, ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలేనని చెప్పండి. ఆవిడ మొహం చూసి తర్వాత నాకు రాయండి.

ఇంకొకటి. గుంటూరు జిల్లా పల్లెటూరి ఇంట్లో ఆవిడ చిన్నప్పుడు గేదె చచ్చిపోతే ఏం చేశారో అడగండి. పాడిగేదె పోతే పొయ్యి వెలిగించని ఇళ్ళు నాకు తెలుసు. మా అమ్మమ్మ మా తువ్వాయి పోయిన రోజు పెరట్లో కూర్చుని పేరు పెట్టి ఏడ్చింది. మీ అత్తగారి దగ్గరా అలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది, ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

అంతమాత్రాన ఆవిడ తూలిన సంగతి చిన్నది కాదు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన మనిషి రెండోసారి పడకూడదు. ఈ విషయంలో మీవారి వైపే నేను. అయితే ఇవ్వడం ఒక్కటే దారి కాదు. చేయదగినవి ముందు చేసి చూడండి. కోకోని వెట్‌కి, అంటే పశువుల డాక్టర్‌కి, చూపించి మూత్రం పరీక్ష చేయించండి. ఇంట్లో తడిపేయడానికి ఇన్ఫెక్షన్ కారణమైతే మందుతో పోతుంది. అది కాకపోతే దిగులు కావచ్చు. 2022లో ఇటలీ పరిశోధకులు, ఇంట్లో ఉన్న కుక్కల్లో ఒకటి పోయిన 426 మందిని అడిగితే, మిగిలినదాంట్లో మార్పు కనబడిందని నూటికి 86 మంది చెప్పారు. ఆడుకోదు, సరిగ్గా తినదు, మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుంది. మీ కోకో చేస్తున్నది అదే కదా. చంటిపిల్లల కోసం వాడే అడ్డుగేటు ఒకటి అత్తగారి గది గుమ్మానికి, ఇంకొకటి హాల్లో పెట్టండి. మెడపట్టీకి ఒక గజ్జె కట్టండి, ఎక్కడుందో ఆవిడకు వినబడుతుంది. ఆవిడ వాకర్ పట్టుకుని లేచారంటే కోకో మెడకు తాడు, ఆ తాడు ఎవరో ఒకరి చేతిలో. బోనులో బతికిన కుక్క కదా, పిల్లకు నేర్పినట్టు మళ్ళీ మొదటి నుంచి గంట గంటకూ బయటికి తీసుకెళ్ళాలి. ఎనిమిది వారాలు ఇలా నడపండి. ఈలోగా ఆవిడ మళ్ళీ తూలితే మాత్రం గడువు గిడువు చూడకండి.

అప్పుడు ఇవ్వాల్సివస్తే, వాట్సాప్ గ్రూపు ఆయనకు మాత్రం ఇవ్వొద్దు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ దత్తత కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉంటారు, తీసి చదవండి. ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అని రెస్క్యూ సంస్థలు సాధారణంగా అందులో రాయించుకుంటాయి. అది మీ మెడకు ఉరి అనుకుంటున్నారేమో, కోకోకి రక్ష. వాళ్ళు ఫోస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా సాకేవాళ్ళ దగ్గర పెడతారు, తీసుకునేవాళ్ళ ఇల్లు చూస్తారు, వాళ్ళ వెట్‌ని అడుగుతారు. ఇంట్లో పెద్ద కుక్క ఉందా, నడకొచ్చిన పసిపిల్లలున్నారా, పగలంతా తాళమేనా అని ఆరా తీస్తారు. సన్నటి ఎముకలు, చీరుకుపోయే చర్మం ఉన్న కుక్కకు ఇవన్నీ ప్రాణం మీది సంగతులు. ఇంట్లో తడిపేస్తోందని వాళ్ళకు దాచకండి. దాచి ఇచ్చిన కుక్క నెల తిరక్కుండా ఇంకో చెయ్యి మారుతుంది.

ధర్మరాజు సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆయన వెంట వచ్చినవాళ్ళంతా అప్పటికే దారిలో పడిపోయారు. వాకర్ పట్టుకున్న తల్లి లేదు, అలిగిన కొడుకు లేడు, కుక్కను పొమ్మన్నదేమో ఇంద్రుడు. మీకు ఆ సౌకర్యం లేదు. ఆయనతో పోల్చుకోకండి, ఊదారంగు స్వెటర్ పెద్దావిడతో పోల్చుకోండి. ఏడేళ్ళు పెంచిన కుక్కను ఆవిడ ఇచ్చేసింది. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఆవిడ మీద ఒక్క నిష్ఠూరం మాట లేదు. పైగా ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ స్వెటర్ రంగు గుర్తుపెట్టుకుని రాశారు. ఆవిడ ఇవ్వకపోతే పింకీ మీకు లేదు. ఈతల కోసం కోకోను బోనులో పెట్టినవాడు వదిలేసినవాడు. ఆవిడ అప్పగించిన మనిషి. ఈ రెంటికీ తేడా మీకు ముందే తెలుసు, మీ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయారు.

మీవారి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కుక్కను జాకెట్ లోపల పెట్టుకున్న మనిషి ‘ఇచ్చేద్దాం’ అంటే రాయి అయిపోయాడని కాదు. ఇంకో కుక్క చావు చూడలేకపోవచ్చు, తల్లి పడుతుందన్న భయం కావచ్చు. నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పింకీ పోయిన రోజు ఆయన ఎక్కడున్నారో మీరు రాయలేదు. అది ఆయన్నే అడగండి.

రాత్రిళ్ళు వెతకడం మాత్రం ఆపండి. మీరు వెతుకుతున్నది కుక్క కోసం కాదు, పింకీ కోసం. ఆ పేజీల్లో అది దొరకదు. దొరికిన కుక్కకేమో పింకీలా ఉండలేకపోవడమే నేరమవుతుంది. ఒకటి ఉంటుందో పోతుందో తేలని ఇంట్లోకి ఇప్పుడు రెండోది వద్దు.

మీ అబ్బాయి అలిగింది కుక్కను ఇస్తారని కాకపోవచ్చు, తనను అడక్కుండా పెద్దవాళ్ళు తేల్చేస్తున్నారని కావచ్చు. ఎనిమిది వారాల లెక్క వాడి చేతిలో పెట్టండి. కోకో ఎన్నిసార్లు తడిపింది, ఎన్నిసార్లు బయటికి వెళ్ళింది, నాయనమ్మ కాళ్ళకు ఎన్నిసార్లు అడ్డం పడింది, అన్నీ వాడే రాయాలి. ఇవ్వక తప్పని రోజు వస్తే రెస్క్యూ వాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఊదారంగు స్వెటర్ మీ దగ్గరే ఉంచుకోండి, అది పింకీది. కోకోతో అది పడుకునే దుప్పటి పంపండి, ఉతక్కుండా. పెద్దావిడ మీకు రాసినట్టే కొత్తవాళ్ళకు ఒక కాగితం వెళ్ళాలి. ఎండలోకి వెళితే కుక్కల సన్‌స్క్రీన్ రాయాలని, అందులో జింక్ ఆక్సైడ్ ఉండకూడదని, నాకితే విషమని, ఉరుము ఉరిమితే ఎక్కడ దాక్కుంటుందో, ఏ చెవి వెనక గోకితే కళ్ళు మూసుకుంటుందో. అదంతా మీ అబ్బాయినే రాయమనండి. తప్పులుంటే దిద్దకండి.