దుబాయ్ పనికి ఏజెంటు లక్షన్నర అడిగితే ఇవ్వొచ్చా?

ముందు విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ పని వీసాగా మారుస్తానని కూడా ఏజెంటు అంటున్నాడని మీరన్నారు. దయచేసి డబ్బు కట్టకండి.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నా, తన ఫీజుగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో అతని పేరు ఉందేమో ఫోన్లోనే చూడండి.

నాకు అసలు భయం ఆ విజిట్ వీసాతోనే. దాని మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొడితే చూపడానికి కాగితం ఉండదు, ఫిర్యాదు చేస్తే జరిమానా మీకే పడొచ్చు. ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టుతో పద్ధతిగా వెళ్లేవారికి దొరికే 10 లక్షల ప్రమాద బీమా కూడా పోతుంది.

తెలంగాణవారైతే విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. అప్పటిదాకా పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.