అప్పు కట్టలేకపోతే జైల్లో పెడతారా?

ఉద్యోగం పోయి మూడు నెలలుగా వాయిదాలు ఆగాయి, రికవరీ వాళ్లు అరెస్టు చేయిస్తామంటున్నారు, నిజమేనా అని అడిగారు. కేవలం కట్టే స్తోమత లేదని జైల్లో వేయకూడదు. 1966 నాటి అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 11వ అధికరణం చెప్పేది ఇదే. మోసం చేసి తీసుకున్నా, డబ్బుండీ కోర్టు ఆదేశాన్ని లెక్కచేయకపోయినా సంగతి వేరు.

ఫోన్లకీ హద్దుంది. అమెరికాలో 1977 చట్టం ప్రకారం వసూలు ఏజెన్సీలు మామూలుగా ఉదయం 8 లోపు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. భారత్‌లో రిజర్వ్ బ్యాంకు సాయంత్రం 7 దాటాక వద్దంది. ఇంగ్లండ్, వేల్స్‌లోనైతే 2021 నుంచి అర్హులకు 60 రోజుల ఊరట ఉంది, ఆ రోజుల్లో చాలా రకాల అప్పులపై వడ్డీ, వసూలు చర్యలు ఆగుతాయి.

నన్నడిగితే ఎక్కువమంది దెబ్బతినేది పాత అప్పుల దగ్గర. దావా వేయడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి దాటిన బాకీని చాలా దేశాల్లో కోర్టు ద్వారా రాబట్టడం కష్టం, అందుకే "ఎంతో కొంత వేయండి సార్, ఫైల్ క్లోజ్ చేస్తాం" అని తియ్యగా అడుగుతారు, మీరు కాస్త కట్టినా, బాకీ ఉన్నానని రాసిచ్చినా కొన్నిచోట్ల గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. కాబట్టి ముందు తేదీలు చూసుకోండి. కోర్టు నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయొద్దు, గడువులోగా జవాబివ్వండి.