డాక్టర్ సలహా: పొద్దున ఫోన్ ఆపగానే ఒక కన్ను కనిపించలేదు.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 46. నిజామాబాద్‌లో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. ఐదున్నరకు ఫోన్లో అలారం మోగుతుంది. ఆపడానికి చేతిలోకి తీసుకుంటానా, ఇక కింద పెట్టను. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక అరగంట దాకా టీ తాగకూడదు కదా, ఆ అరగంటా చీకట్లోనే పక్కకు తిరిగి పడుకుని స్కూల్ గ్రూపు, చుట్టాల గ్రూపు, ఆ తర్వాత రీల్స్ చూస్తుంటాను. చూస్తుండగానే ఆరున్నర అవుతుంది. అక్కణ్నుంచి అన్నీ ఉరుకులు పరుగులే. ఇంట్లో అందరినీ కసురుకుంటాను. తల దిమ్ముగా, కళ్లు మంటగా ఉంటున్నాయి. ఈ నెలలో రెండుసార్లు ఫోన్ ఆపి లేవబోతే కుడి కన్నుకు ఏమీ కనిపించలేదు. కొన్ని నిమిషాలకు మామూలైంది. చాలా భయపడ్డాను. మా అమ్మాయి డాలస్‌లో చదువుతోంది, ఫోన్ చేసేది పొద్దున్నే. అందుకని ఫోన్ దూరంగా పెట్టలేను. మా ఆయన ఇది వ్యసనం అంటున్నారు. నిజమేనా? పరీక్షలేమైనా చేయించుకోవాలా?

- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందు కన్ను సంగతి చెబుతాను, మీ భయమంతా అక్కడే ఉంది.

మీరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో రాయలేదు. బహుశా ఎడమ పక్కకే అయి ఉంటుంది. అలా పడుకుంటే ఎడమ కన్ను దిండులో మూసుకుపోతుంది, ఫోన్ చూసేది కుడి కన్ను ఒక్కటే. దిండు చాటున ఉన్న కన్ను చీకటికి అలవాటు పడుతుంది. తెర చూస్తున్న కన్ను వెలుతురుకు అలవాటు పడుతుంది. ఫోన్ ఆపి చీకట్లో లేచేసరికి ఎడమ కన్నుకు గది లీలగా కనిపిస్తుంది, కుడి కన్నుకు మాత్రం అంతా నల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలోంచి సినిమా హాల్లోకి వెళ్తే కాసేపు సీట్లు కనబడవు చూడండి, అదే ఇక్కడ ఒక్క కన్నుకు జరుగుతుంది. ఇలాంటి అనుభవమే ఉన్న ఇద్దరు మహిళల గురించి 2016లో లండన్ డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వాళ్లకూ పరీక్షల్లో ఏ జబ్బూ తేలలేదు. రేపటి నుంచి దీపం వేసుకుని, కూర్చుని, రెండు కళ్లతో చూడండి. కారణం ఇదే అయితే మళ్లీ రాదు.

అలాగని ఈ జవాబు చదివి వదిలేయకండి. మీ కన్ను నేను చూడలేదు. 46 ఏళ్ల మనిషికి చూపు పోయి వచ్చిందంటే కంటి డాక్టర్ ఒకసారి చూడాల్సిందే. రెటీనా (కంటి లోపలి వెనక పొర), కంటి ఒత్తిడి రెండూ పరీక్షించమనండి. దగ్గరి చూపు అద్దాలు అవసరమేమో కూడా తేలుతుంది. నలభై దాటాక అద్దాలు వాయిదా వేస్తూ ఫోన్లో చిన్న అక్షరాలు చదివేవాళ్లకు తలనొప్పి రావడం నేను రోజూ చూస్తున్నాను. పగటి వెలుగులో, ఫోన్ చూడనప్పుడు ఇలా జరిగినా, కంటి ముందు తెర దిగినట్టు అనిపించినా, దానితో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. కంటికో, మెదడుకో రక్తం సరిగా అందనప్పుడు కూడా చూపు ఇలాగే పోయి వస్తుంది.

కళ్ల మంటకు కారణం చిన్నదే. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. తెర చూస్తున్నంతసేపూ అది బాగా తగ్గిపోతుంది, కన్ను తడి ఆరిపోతుంది. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి కొడుతుంటే మరీనూ.

ఇక తల దిమ్ము, కసురుకోవడం. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో మీరు రాయలేదు. నేను అడగాలనుకున్న మొదటి ప్రశ్న అదే. ఐదున్నరకు లేవాల్సిన మనిషి పదిన్నరకల్లా నిద్రలో ఉండాలి. పన్నెండు దాకా ఫోన్ చూసి పడుకుంటే పొద్దుటి చిరాకులో సగం ఆ రాత్రిదే. లేచాక మెదడు పూర్తిగా తేరుకోవడానికి మామూలుగానే పావుగంట నుంచి అరగంట పడుతుంది, నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువ. లేచిన ముప్పావు గంటలోపు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ సహజంగానే పెరుగుతుంది. పనికి లేవమని శరీరం ఇచ్చే హుషారు అది. సరిగ్గా ఆ సమయంలో మీ హెడ్‌మాస్టర్ మెసేజ్, ఎవరిదో చావు కబురు, ఎవరిదో కొత్త ఇల్లు, ఒక వంట, ఒక గొడవ, అన్నీ పది నిమిషాల్లో కళ్ల ముందు తిరిగిపోతాయి. లేచి ఒక్క పనీ చేయకముందే టెన్షన్ మొదలైపోతుంది. ఆపైన గడియారం చూస్తే ఆరున్నర. కసురుకోకుండా ఎవరుంటారు?

వ్యసనం అనేంత పెద్ద మాట ఇక్కడ అక్కర్లేదు, ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో వీడియో గేముల వ్యసనం ఉంది గానీ, ఫోన్ వ్యసనం అని విడిగా లేదు. మీది అలవాటు. అది ఎక్కడ చొరబడిందో మీ ఉత్తరంలోనే ఉంది. మాత్రకూ టీకీ మధ్య చేయడానికి పని లేని అరగంటలో. ఆ అరగంటకు ఇంకో పని చూపించకుండా ఫోన్ మానేయమంటే ఎవరి వల్లా కాదు. లేచి బయటికి వెళ్లండి. వాకిలి ఊడ్చి ముగ్గేస్తారో, మొక్కలకు నీళ్లు పోస్తారో, మేడ మీద ఊరికే తిరుగుతారో మీ ఇష్టం. కంటికి పగటి వెలుతురు తగలాలి, ఒంట్లోని గడియారం సరిపడేది దానితోనే. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగు అందుకు చాలదు. చలికాలంలో ఆరున్నర దాటితే గానీ తెల్లారదు కాబట్టి ఆ నెలల్లో ఊడ్వడం ముందు, మేడ మీద నడక తర్వాత. మాత్ర మాత్రం పరగడుపునే, మంచినీళ్లతోనే. కాల్షియం, ఐరన్ బిళ్లలు వాడుతుంటే దానికీ వీటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోండి. నేనూ కొన్నాను. రెండేళ్ల కిందటి వరకు నేనూ లేవగానే ఆసుపత్రి గ్రూపు తెరిచేవాడిని. అర్జెంటు కేసులకు ఎలాగూ ఫోనే చేస్తారని తెలిసీ చూసేవాడిని. ఇప్పుడు మా ఇంట్లో ఫోన్లన్నీ రాత్రి వంటింట్లో, ఫ్రిజ్ పక్కన ఛార్జింగ్‌లో ఉంటాయి. మొదటి వారం చెయ్యి దానంతటదే దిండు కింద వెతికింది, ఆ తర్వాత మానేసింది.

మీ అమ్మాయి ఫోన్‌కు నేను అడ్డు చెప్పను. మీకు పొద్దున ఆరంటే డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఏడున్నర, నవంబర్‌లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఆరున్నర. తను తీరిగ్గా ఉండేది అప్పుడే. ఫోన్లో డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అమ్మాయి నంబరు ఒక్కటి మోగేలా చేసుకోండి, ఎలాగో తనే చెబుతుంది. మాట్లాడండి, నవ్వుకోండి. కాల్ అయిపోయాక ఆ చేత్తోనే రీల్స్ తెరవకుండా ఫోన్ మళ్లీ ఛార్జర్ దగ్గర పెట్టేయండి. స్కూల్ గ్రూపు టీ తాగుతూ కూర్చుని, అద్దాలు పెట్టుకుని చూస్తే చాలు. బాత్రూమ్‌లోకి మాత్రం ఫోన్ వద్దు, అక్కడ అదే పనిగా కూర్చుంటే మొలలు ఇబ్బంది పెడతాయి.

పరీక్షలంటే, ఆరు నెలలుగా చూసుకోకపోతే థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, దానితో పాటు హిమోగ్లోబిన్, షుగర్. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక బీపీ. ఈ వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా నిద్ర చెదురుతుంది, అదేమైనా ఉంటే గైనకాలజిస్టుకు చెప్పండి. గురక పెడతారేమో ఇంట్లో అడగండి. రెండు వారాల తర్వాత కూడా దిగులు, నిద్రలేమి అలాగే ఉంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

కంటి పరీక్ష ఈ వారంలోనే పెట్టుకోండి. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, స్కూటీ మీద ఒక్కరే వెళ్లకండి. మీ ఆయనను తోడు తీసుకెళ్లండి.